చెవులపిల్లి

నలభై ఒక్క ఏళ్ళు తెరచాపలు కుట్టాను,
బ్రిటనీ తీరంలో, కమారే రేవులో,
అరచేతికి తోలు కట్టుకుని,
దబ్బనంతో, మైనం పట్టించిన పురికొసతో.
నా కుట్టు విడిపోయి తిరిగిరాని పడవ లేదు.
రేవులో ఎవర్నడిగినా చెబుతారు,
అడక్కముందే చెబితే బాగుణ్ణని నా ఆశ.

మనవరాలు ఎనోరాకి ఆరేళ్ళు నిండబోతున్నాయి.
ఎడమ చెవి వెనక చిక్కుడు గింజంత యంత్రం.
ఏం కావాలే పుట్టినరోజుకి అంటే
చెవులపిల్లి అంది.
కొట్లో దొరికేది కాదట, తాత కుట్టిందే కావాలట.

అదెంత పని అనుకున్నాను.
బల్లమీద బెత్తెడు గుడ్డ పరిచాక తెలిసింది,
పన్నెండు బారల చాప కుట్టిన చేతికి
బొటనవేలంత చెవి కుట్టడం రాదని.
దబ్బనం దూర్చితే గుడ్డ పోయి కన్నం మిగిలింది.
సన్న సూది నా వేళ్ళ మధ్య
చేపముల్లులా జారి జారి పోయింది.

స్వాజిక్ కిటికీ దగ్గర కూర్చుని నవ్వింది.
ఆవిడ కళ్ళకి పొరలు, సూది బెజ్జం కనపడదు.
నా తప్పులు మాత్రం ఆ మూలనుంచే వినపడతాయి.
"దారం అంత బిగించకు.
తుఫానులోకి కాదు అది, పసిదాని పక్కలోకి."

సన్న సూది ఇంకోటి కావాలని ఆవిడ పెట్టె తెరిచాను.
సూది కోసం సోదికెళ్ళినట్టే అయింది.
అగ్గిపెట్టెలో మా అబ్బాయి పాలపళ్ళు.
అడుగున, పెళ్ళికి ముందు నేను కుట్టిచ్చిన చేతిసంచి,
మడత కూడా నలగలేదు.
ఎప్పుడూ పట్టుకెళ్ళలేదేం అన్నాను.
"బరువు" అంది.
ఖాళీ సంచీ బరువేంటి?
"నువ్వు కుట్టావుగా."

పొట్టకి కాచు పెట్టి ఉడికించిన పాత ఎర్రచాప ముక్క,
ఇంకా ఉప్పు వాసన.
చెవుల లోపలికి స్వాజిక్ వంటింటి ఆప్రాన్ నీలం.
కూరడానికి మోచేతులు పోయిన నా స్వెట్టరు
గుప్పెడు గుప్పెడుగా కత్తిరించాను.
నాలుగో కాలికొచ్చేసరికి ఉన్ని అయిపోయింది.
నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నాను.
ఆవిడ ఏమీ అనకుండా
కాలి మేజోడు విప్పి నా మీదకి విసిరింది.

ఆదివారం ఎనోరా వచ్చింది.
చెవులపిల్లిని తిప్పింది, తలకిందులు చేసింది,
చెవులు రెండూ పట్టుకుని ఒకదానిమీద ఒకటి ఆనించింది.
"ఒకేలా ఉన్నాయి."
ఒకేలా రావడానికి నాలుగు రాత్రులు పట్టిందే తల్లీ.
"ఉండకూడదు. దీనికి కూడా
ఎడమవైపు సరిగ్గా వినపడకూడదు."

కోడలు కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

నేను కుట్టింది నేనెప్పుడూ విప్పలేదు.
కత్తెర మొన పెడితే దూరలేదు,
నా కుట్లు నాకే లొంగలేదు.
ఒక్క చెవికి గంట.
ఎనోరా పక్కన నిలబడి
తెగిన దారప్పోగులు వరసగా పేర్చి లెక్కపెట్టింది,
ఇరవై మూడు.

చెవి కొంచెం వంచి, వెనక గుండీ పెట్టాను,
నా పని కోటుది, ఎముక గుండీ.
ఎనోరా తన యంత్రం తీసి
గుండీ పక్కన పెట్టి కొలత చూసింది.
"పెద్దదే. ఫర్వాలేదు, ఇది గట్టిగా వింటుందిలే."
నేనేదో అన్నాను. దానికి వినపడలేదు.
లేచి దాని కుడివైపుకి వచ్చి కూర్చునేసరికి
ఏం అన్నానో నాకే గుర్తులేదు.

స్వాజిక్ ఆ చెవిని వేళ్ళతో తడిమింది.
"వదులుగా ఉంది. నెలరోజులు కూడా ఆగదు."
తెలుసు.
ఊడితే మళ్ళీ తీసుకొస్తుంది కదా.

రేవులో మాత్రం చెప్పకండి.