సగం అరిగిన అన్నం

రాత్రి పన్నెండు దాటితేగానీ నాకు హత్య కుదరదు.
కాజీపేట యార్డులో గూడ్సు బండి
డబ్బాకు డబ్బా తగిలిన చప్పుడుకి
ఒక పేరా తెగుతుంది.

కత్తి ఎంత లోతు దిగుతుందో
మండిబజార్ కటికె ఖాసింని అడిగాను.
హంతకుడి నవ్వు మా పెద్దబావది;
ఆయన చదవడు, భయం లేదు.
ఇన్‌స్పెక్టర్ వీరగోని మాత్రం ఎవరూ కాదు —
ముప్ఫై నవలలుగా ఒకే గొడుగు పోగొట్టుకుంటున్నాడు.

శవాల గది యాకయ్య ఒకసారి
బీడీ ఆర్పి అన్నాడు:
"రిపోర్టుల సగం అరిగిన అన్నం అని రాస్తరు మేడం,
ఎవలు వడ్డించిన్రో రాయరు."

అప్పట్నుంచి
చంపే ముందు ప్రతివాళ్ళకీ
ఒక పూట వండుతున్నాను.
ఇవాళ్టిది మక్క గట్క, పచ్చిపులుసు.
తినేదాకా
తలుపు చాటున ఆగమన్నాను
వాణ్ణి.