గుంపులో కాళ్లు

దేవరకొండ బస్టాండు, పార్సిల్ ఆఫీసు అరుగు.
వచ్చే నెల ఇరవై మూడో సంచిక.
"ఇనుపగద్ద సస్తడా?"
మెడల టేపుతోనే ఉరికొచ్చిండు టైలర్ ఖాజా.
"కథ రాసేటాయన సంపడు, ఆయనకూ ఇల్లున్నది గద"
నవ్వకుంట అన్నది ల్యాబు జంగమ్మ.

కండక్టర్ శ్రీశైలం గద్ద ఊసే ఎత్తలే.
"బొమ్మలాయన మారిండంట" అన్నడు,
ఎవరో పోయినట్టు.

పేరు ఎన్నడూ వెయ్యలే ఆయన.
అట్ట లోపల చిన్న సున్న, దాంట్ల ఒక చుక్క. అంతే.
పట్నమోడని ఖాజా, బెజవాడాయనని జంగమ్మ,
ఏడేండ్ల పంచాయితీ.

టికెట్ల కట్ట రబ్బరు సుట్టిన పద్నాలుగో సంచిక
సంచిల నుంచి తీసిండు శ్రీశైలం.
"గద్దను సూడకున్రి. కింద సూడున్రి."

కింద గుంపు.
మొగులు దిక్కు చేతులెత్తిన
గోరంతంత మనుషులు.
అండ్ల ఒకామె, సంకల బిందె,
మోకాళ్లు లోపలికి ఒంగి.
ఎనక ముసలాయన గట్లనే.
ఆయన ఏలు పట్టుకున్న పోరడు,
వాడు గూడ.

"మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగనోనికి
ఈ వంపు చేతికి రాదు."

మల్లేపల్లి బస్సు వచ్చింది, పోయింది.
ఎవరం ఎక్కలే.
జంగమ్మ చీర కుచ్చిళ్లు
పాదాల మీదికి సదురుకున్నది.

వచ్చే నెల కట్ట విప్పంగనే
గద్ద బతికిండా సచ్చిండా సూడం.
ముందుగాల గుంపు సూస్తం,
కొత్తాయన చేతిల
అందరి కాళ్లు సక్కగైనయేమోనని
భయపడుకుంట.