నలభై మూడో పేజీ

ఈ కొలతల పుస్తకంలో నలభై మూడో పేజీ
ఏ జాకెట్టుదీ కాదు.
మెడ పదమూడు, ఛాతీ ఇరవై రెండు, నడుము పదిహేడు.
పేరు దగ్గర ‘బెల్లం’ అని ఉంటుంది.
గ్రీమ్స్‌పేటకు కొత్తగా వచ్చినవాళ్ళు
చూసి నవ్వుతారు, నవ్వనీ.
బెల్లం మండీలో గోతాల సందున దొరికింది,
రంగూ అదే,
పాకం ఒక్క పిసరు ముదిరిన రంగు.

పిల్లి పేరు సూది.
దానికి పేజీ లేదు. టేపు తీస్తే టేపుతోనే ఆట.

షట్టరు ఎత్తకముందే వీటి పని.
నీళ్ళ గిన్నె కడిగి పోయాలి,
నిన్నటి నీళ్ళ మీద నేటి నీళ్ళు కాదు.
వేలు పెడితే అడుగున జిగట తెలుస్తుంది.
తర్వాత బెల్లం చెవి మడిచి వాసన చూస్తాను.
పులిసిన దోసెపిండి వాసనొస్తే
లోపల ఏదో మొదలైనట్టే.
“ఛీ, ఏం పనే నీది” అంటుంది ఎదురింటి చెంగమ్మ,
పళ్ళు తోముకుంటా.

ఆ చెంగమ్మ మంచిదే.
సూది నాలుగుసార్లు తుమ్మితే
తన జ్వరం బిళ్ళ సగం విరిచి తెచ్చింది.
పిల్లికి అది విషమక్కా అంటే
రెండు రోజులు పలకలేదు.

కాలివేళ్ళ సందుల్లో పిడుదులు చూడాలి.
కుట్లు విప్పే చేతికి అదేమంత కష్టం?
పట్టకారు చర్మానికి ఆనించి
మెలిపెట్టకుండా నిదానంగా పైకి.
తొందరపడితే నోరు లోపలే తెగి మిగులుతుంది.

రాత్రి కొట్టు కట్టేముందు
నేలమీద దారాలు ఏరేది నేనే.
దొరస్వామికి కూడా అప్పగించను.
సూది చిన్నప్పుడు మూరెడు ఎర్రదారం మింగింది,
నోటి చివర కొస వేలాడుతోంటే
వాడు లాగబోయాడు.
చేతిమీద ఒక్కటిచ్చాను,
ఎందుకిచ్చానో నాకే తెలీదు.
పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది తర్వాత:
లాగుంటే పేగు మొత్తం దగ్గరికొచ్చేదంట,
బుట్టచేతులకు కుచ్చు పెట్టేటప్పుడు
దారం లాగితే గుడ్డ ముడుచుకుంటుందే, అట్లా.
ఆ వారమంతా నేను బుట్టచేతులు కుట్టలేదు.

ఇంత తెలిసీ
గంగజాతర ముందు పదకొండు రోజులు
దాని కాళ్ళు చూడలేదు.
మోకాలెత్తు గుడ్డలు,
రేపిస్తానన్న అబద్ధాలు,
మామిడి లోడు లారీల దుమ్ము.
బెల్లం గుమ్మంలోనే పడుకునుంది.
“దానికేమి, బాగానే తింటా ఉండాదే” అన్నారు అందరూ.
నేనూ అన్నాను.

జాతరైన మరుసటిరోజు
మిగిలిన నాడాతో దానికొక పట్టీ కుడదామని
టేపు చుట్టాను.
నడుము పదహారు.
మళ్ళీ చుట్టాను. పదహారే.
మనుషులకైతే పండగ చేసుకునే అంగుళం.

షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పోయాను.
డాక్టరమ్మ పెదవి పైకెత్తి చూపించింది,
చిగుళ్ళు పదిసార్లు ఉతికిన లైనింగు గుడ్డ.
పిడుదు జ్వరం. నెత్తురు తగ్గింది.
“ముందే తెచ్చినావు, ఎట్లా కనిపెట్టినావు?”
మెడలో టేపు చూపించాను.
పదకొండు రోజుల సంగతి చెప్పలేదు.

ఇరవై ఎనిమిది రోజులు బిళ్ళలు.
సంగటి ముద్దలో దాచి పెడితే
సంగటి తిని
బిళ్ళను మిషను కిందికి ఊసేది.
పెడల్ తొక్కుతూంటే కాలికి తగిలేది, తడిగా.
చివరికి గొంతులో వేసి, మూతి మూసి, మెడ నిమిరి,
అది మింగేదాకా
ఇద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరం.

పేజీలో ఇప్పుడన్నీ కొట్టివేతలే.
పదహారు. పదిహేనున్నర. అక్కడే ఆరు రోజులు.
పదహారు. పదిహేడు.
నిన్న పదిహేడున్నర,
సంగటి తగ్గించమంది డాక్టరమ్మ.

టేపు మెడలోంచి తీస్తే చాలు,
లేచి నిలబడుతుంది,
పెళ్ళి జాకెట్టు కొలతకొచ్చిన మనిషి మాదిరి
పొట్ట లోపలికి పీల్చుకుని.

ఊపిరి వదులమ్మా, అంటాను,
అందరికీ చెప్పినట్టే.