చేటెడు తవుడు

బియ్యం బస్తాలు ఖాళీ చేసి నాకిచ్చిన గది ఇది.
గోడ మీద ఇంకా పురుగు పాకుతుంది.
రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మూడోది
తవిటినాయుడు విరగ్గొట్టాడు, నేను చేరిన రెండో రోజు.
మూలన అలాగే ఉంచాను.
జోగారావు పారేస్తానంటే వద్దన్నాను,
ఎందుకో చెప్పలేకపోయాను.

పద్నాలుగేళ్లు, ఫైలు ప్రకారం.
ఫైల్లో ఇంకా చాలా ఉన్నాయి:
పూర్ణా మార్కెట్లో సెల్‌ఫోన్లు,
కంచరపాలెంలో ఎవడి చెవో కొరకడం, సొల్యూషన్ గుడ్డ.
‘తండ్రి’ అన్నచోట అడ్డగీత,
ఎవరో స్కేలు పెట్టి శ్రద్ధగా గీసింది.

పదకొండు వారాలు మాట్లాడలేదు.
మంగళవారం నాలుగింటికి వచ్చి
కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు.
వీపుతో మాట్లాడటం నేర్చుకున్నాను.
తర్వాత, వీపు ముందు ఊరుకోవడం.
అది యూనివర్సిటీలో చెప్పలేదు.

పన్నెండో వారం కిటికీతో అన్నాడు:
“ఆ ఓడలేటి, లోపలికి రావేటి?”
దూరంగా నాలుగు, లంగరేసుకుని.
పోర్టులో చోటు దొరకాలిరా, అన్నాను.
“ఎన్నాళ్లు?”
ఒక్కోసారి వారం, పది రోజులు.
“అన్నాళ్లూ అందులో మనుసులేటి సేస్తారు?”
తెలీదన్నాను.
మొదటిసారి తిరిగి నా మొహం చూశాడు,
తెలీదన్నందుకు.

ఏప్రిల్ ఆఖర్లో గోడ దూకాడు.
రెండు రాత్రులు.
జోగారావు టార్చి పట్టుకుని బీచంతా తిరిగాడు.
నేను ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాను.
మా అమ్మాయి ఏదో అడిగింది, ఏదో చెప్పాను.
“అమ్మా, ఆ గొంతు వద్దు,
నేను నీ కేసుని కాదు” అంది.
నిజమే.
చెప్పులకైతే గుమ్మం ఉంది,
ఆ గొంతు ఎక్కడ విప్పాలో నాకింకా తెలీదు.

మూడో పొద్దున తనే వచ్చి గేటు తట్టాడు.
ఫిషింగ్ హార్బర్‌కి పోయాడట,
బోటెక్కి ఎటైనా పోదామని.
వేట నిషేధం. ఒక్క బోటూ కదల్లేదు.
“అన్నీ కట్టీసున్నాయి మేడం”
ఎవరో తనని మోసం చేసినట్టు అన్నాడు.
వలల కింద పడుకుంటే
మసేను అనే ముసలాయన లేపి, టీ పోయించి,
పేరడిగాడట.

పేరు చెప్పమంటే వీడికి చావే.
“ఏయ్ తవుడూ, ఆవుకెంత, గేదెకెంత?”
భోజనాల వరసలో రోజూ ఇదే.
నిజానికి కుర్చీ విరిగింది అందుకే.

“ముసిలాయన నవ్వలేదు మేడం.
నీ ముందు పుట్టినోలు దక్కలేదేట్రా అనడిగినాడు.
దక్కకపోతే ఆ తరవాతోణ్ని సేటలో ఏసి
తవుడికి అమ్మీసి, మల్లీ కొనుక్కుంటారంట.
సావుకి ఆ గుంటడి మీద యావ పోతాదంట.
మల్లీ కొంటారంట మేడం.”
ఆ మాట రెండుసార్లు అన్నాడు.
“నిజిమేనా?”

ఏడో పేజీలో ఉంది: కేజీహెచ్ వరండా, ఆరేళ్ల వయసు,
ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్లిన తల్లి.
వాడికి పేజీ నంబరు తెలీదు. మిగతాదంతా తెలుసు.

అలా పేరు పెట్టడం నిజమే, అన్నాను.
మీ అమ్మ అలాగే పెట్టిందో లేదో నాకు తెలీదు.
తలూపాడు.
ఏ సగానికి ఊపాడో.

నిక్కరు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు.
ఎండు నెత్తళ్లు.
బల్ల మీద పోసి, ఒక్కొక్కటే లెక్కపెట్టి
సగం నా వైపు తోశాడు.
పిల్లల దగ్గర ఏమీ తీసుకోకూడదు.
కొత్తగా చేరినవాళ్లకి ఆ రూలు చెప్పేది నేనే.
పదమూడు నెత్తళ్లు సొరుగులో పెట్టుకున్నాను.
గది నాలుగు రోజులు కంపు కొట్టింది.
బుధవారం వచ్చిన భానోజీ ముక్కు మూసుకుని,
అయినా కూర్చున్నాడు.

నెల రిపోర్టులో ‘పురోగతి’ అని ఒక గడి.
పారిపోయాడు, అని రాశాను.
తనే వచ్చాడు, అని రాశాను.
నిన్న మళ్లీ ఎవడి పెదవో పగలగొట్టాడు,
అదీ రాశాను. గడి నిండిపోయింది.

ఇవాళ ఓడలు ఆరు.
నేను ఐదే చూశాను.
కైలాసగిరి వైపు మసకలో ఇంకోటుందట,
వేలు పెట్టి చూపిస్తున్నాడు,
నాకింకా కనపడలేదు.