లోపల వదిలిన గుడ్డ

ఏడురోడ్ల జంక్షన్ వెనక, జిరాక్సు షాపుకీ
హోమియో మందులకీ నడుమ నా మిషను.
పొందూరు సన్నఖద్దరు కుట్టిన చెయ్యి నాది.
ఈ బరువు ఉన్నిగుడ్డ కింద పెట్టగానే
పద్దెనిమిదో నంబరు సూది పుటుక్కుమంది.

తెచ్చినామె సీపాన ఆదెమ్మ.
కళింగపట్నం బస్సు దిగి సరాసరి వచ్చింది,
యూరియా సంచిలో కోటు మడతపెట్టి.
“బుజాలు దించాల, సేతులు కురస సెయ్యాల.
నాను ఏసుకోడానికే.”

అటు తిప్పి ఇటు తిప్పి చూశాను.
గుడ్డ చదవడం వచ్చు నాకు, కాగితాలు అంత రావు.
కాలరు లోపల పట్టీ: అంబాలా కంటోన్మెంటు, ఎవరో గుర్బచన్ సింగు.
సన్నని పని. చంకల్లో రెండు వరసల కుట్టు,
సెల్యూట్ కొట్టినప్పుడు పిగలకుండా.
ఎడమ రొమ్ము మీద గుండుసూది బెజ్జాలు.
బిళ్ళలూ రిబ్బన్లూ బిస్కట్ డబ్బాలో ఉన్నాయట.
“ఒకటి బంగ్లా యుద్దానిది, ఒకటి మంచుకొండల్ది,
మిగతావి ఊరికే ఇస్తారంట, ఉన్నందుకు.”

తవిటినాయుడు పదిహేడో ఏట
ఆర్ట్సు కాలేజీ మైదానంలో ఊపిరి బిగబట్టి
ఛాతీ కొలిపించుకుని పోయాడు.
వంతెనలు కట్టే పటాలం.
ఆ ఊళ్లన్నీ ఆమెకి మనియార్డరు ముద్రలే:
“తేజుపూరు మూడేళ్లు. ముద్ర అలికీసినట్టుండీది.”
ఇరవై ఎనిమిదేళ్లు ఒంటిమీద బట్ట సర్కారుదే.
ఆఖరి జనవరి ఇరవై ఆరున భుజానికి రెండు చుక్కలు,
గౌరవ లెఫ్టినెంటు.
అందుకు కుట్టించాడు ఇది, సొంత డబ్బుతో.
నెలాఖరుకి రిటైరు.
వేళ్లమీద లెక్కేశాను, ఆరు రోజులు.

కానీ ఇది ఆరు రోజుల కోటు కాదు.
మోచేతులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి.
జేబు మూల వరిపొట్టు, సగం చుట్ట.
అడిగాను.
“మరేటి? వంశధార గట్టు మీద మోటారుకి
రాత్రి రెండుకి కరెంటు ఇచ్చీవోరు.
ఇదేసుకుని టార్చిలైటు పట్టుకుని ఎల్లీవోడు.
కుక్కలు కూడా మొరిగీవి కావు.”
నవ్వింది.
“ఇప్పుడు నాను ఎల్తన్నాను. మంచు.”

భుజాల మీద చుక్కలున్న చోట
రంగు వెలవలేదు. రెండేసి చిన్న నక్షత్రాలు
ఇంకా పచ్చగా.
కత్తెర తీశాను గాని చెయ్యి ఆడలేదు.
“కొయ్యి,” అంది. “ఆ సర్దారు ఏటీ అనుకోడు.”

కొయ్యలేదు.
భుజం కుట్లు విప్పి లోపలికి మడిచాను,
నాలుగంగుళాల చేతిని లైనింగు చాటుకి పంపాను.
మూడో గుండీ లేదు. సింహాల గుండీ ఈ ఊళ్లో దొరకదు,
నల్లది వేశాను, పాత రెయిన్‌కోటుది.

రసీదు రాస్తూ “నాయుడుగారి పేరే వెయ్యనా?” అన్నాను.
“ఆయన కొలతలా ఇయ్యి?”

ఆదెమ్మ. ఛాతీ ముప్పై నాలుగు. చెయ్యి ఇరవై.
మంగళవారం రమ్మన్నాను.
సోమవారమే వచ్చీసింది.