టీచరమ్మ చేప

భైరవపాలెం రేవు. తెల్లారి అయిదున్నర.
బోట్లు దించిన ఐసు కరిగి
కాళ్ల కింద గులాబీ రంగు నీళ్లు.
వంజరానికో తట్ట, సందువకో తట్ట,
రొయ్యకైతే ఒడ్డెక్కక ముందే పాట.
మిగిలిందంతా ఒకటే కుప్ప:
పీత పిల్లలు, చిరిగిన జెల్లిచేపలు, వేలెడు సావడాయిలు.
ఎవరికీ అక్కర్లేని నోళ్లన్నీ తెరుచుకుని
పొడి మిల్లు లారీ కోసం చూస్తున్నాయి.

అందులో ఒకటి నన్ను ఆపింది.
జానెడు కూడా లేదు. వరదనీటి రంగు.
తోక దాకా ఒకటే రెక్క, అంచున నల్లదారం కుట్టినట్టు.
కళ్లు మాత్రం ఆవగింజలు,
అవి కూడా చర్మం కింద దాక్కుని.

దీని పేరేంటని అడిగాను.
కుప్ప ఏరుతున్న ఓలేటి పల్లాలమ్మ తలెత్తలేదు.
"మిల్లుకెళ్లేదానికి పేరేటండి?
అమ్ముడుపోతేనే గదండీ పేరు."
పది రూపాయలిద్దామంటే నా దగ్గర అయిదొందల నోటు.
"తర్వాతిద్దురు లెండి" అంది,
గుప్పెడు ఐసుతో సంచిలో వేసి.

తర్వాత రెండేళ్లు.
కాకినాడలో పై అంతస్తు గది. ఫార్మలిన్ వాసనకి
ఇల్లుగలావిడ రెండుసార్లు తలుపు తట్టింది.
రెక్కలో ముళ్లు లెక్కపెట్టాను, నూట పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాను, నూట పన్నెండు.
ఒక్క ముల్లు కోసం ఒక వర్షాకాలం పోయింది.
ఎక్స్‌రేలో వెన్నెముక
ఒకటో తరగతి పిల్ల పలక మీద దిద్దిన సున్నాల వరుస.
ఊరూరి మ్యూజియంల నుంచి పాత సీసాల ఫొటోలు తెప్పించాను.
దూరపు చుట్టాలున్నారు,
పెళ్లిలో ఎదురైతే పోలిక పట్టేంత. అంతే.

చివరికి ఉత్తరం వచ్చింది. కొత్తదే.
కొత్తది!
గోదారి ఒండ్రు మోసుకొచ్చి సముద్రంలో పోసిన నాటి నుంచీ
ఆ బురదలోనే పుట్టి, ఆ చీకట్లోనే తిని,
ఒకదాన్నొకటి ఎలాగో గుర్తుపట్టి పిల్లల్ని కన్నది
మొన్న మొన్ననే కొత్తదైంది.
బతికుండగా దాన్ని చూసినవాళ్లు లేరు.
నేనూ చూడలేదు. నాకు దొరికింది శవం.
శవానికి పుట్టినతేదీ వేశాను.

మిఠాయి డబ్బా, పదినోటు పట్టుకుని రేవుకెళ్లాను.
పల్లాలమ్మ కళ్లు చికిలించి ఫొటో చూసింది.
ఏటిమొగ పేరే పెట్టానని
లాటిన్‌లో పలికి వినిపించాను.
"నోరు తిరగదండీ" అని నవ్వి,
నోటు రవికలో దోపుకుని,
"ఇంకా కావాలేటండి?" అంది.
కావాలన్నాను. ఒక్క చేపతో శాస్త్రానికి ఆకలి తీరదు.
ఎన్ని తెస్తే అన్ని పదులన్నాను.

ఆ మాట ఎటు ఈదిందో
అప్పుడు నాకు తెలీదు.

ఇప్పుడు కుప్ప పక్కన ఒక చిన్న తట్ట ఉంది.
బలుసుతిప్ప నుంచి ఒకతను, పల్లం నుంచి ఇద్దరు
మొగ దగ్గర బురదలో సన్నకన్ను వల ఈడుస్తున్నారట,
దానికోసమే.
నిన్న నాలుగింటికి ఫోను.
"ఆయ్, పల్లాలమ్మనండి. మీ చేప పడిందండి. పదహారు."
వెనక ఎవరో పిల్లాడు అరుస్తున్నాడు,
"టీచరమ్మ చేప! టీచరమ్మ చేప!"

నేను టీచర్ని కాను.
పేరు మాత్రం దానికి అతికిపోయింది.
ఫోను చెవి దగ్గరే ఉంది.
అవతల ఐసు దంచుతున్న చప్పుడు.
నేను ఏదో ఒకటి అనాలని
ఆవిడ ఆగి ఉంది.