ఇంకొక చెవి

రెజ్జో ఎమీలియా శివార్లో బ్యాంకు వాళ్ల గోదాము.
అప్పుకి తాకట్టుగా ఉన్నది బంగారం కాదు, చీజ్.
చక్రం ఒక్కొక్కటి నలభై కిలోలు.
కప్పు దాకా అరలు, అరల నిండా
రెండేళ్ల నిద్ర.

ఎర్మెస్ బొందవల్లి చిన్న సుత్తితో తట్టి వినేవాడు.
లోపల బీట ఉంటే చక్రం గొంతు మారుతుంది.
టక్. టక్. ఆగి, మళ్లీ అదే చోట, టక్.
"ఇది పోయింది" అన్నాడంటే పోయినట్టే.
పైన గీత గీసి పక్కకి దొర్లించేవాళ్లం.
ఆ చెవికి ఎదురు చెప్పే చెవి
మాలో ఎవరికుంది?

పదకొండేళ్లు ఒక్క సెలవు పెట్టలేదు.
పని మీద ప్రేమంటే ఇదీ అని
క్రిస్మస్‌కి డైరెక్టరు గారు చేతి గడియారం ఇచ్చారు.
అందరం చప్పట్లు కొట్టాం.
నేను కాస్త గట్టిగానే కొట్టాను,
నాకు పని నేర్పింది ఆయనే.

ఫిబ్రవరిలో ఫ్లూ.
తొమ్మిది రోజులు పార్మా నుంచి ఒక ముసలాయన వచ్చి తట్టాడు.
ఎప్పుడూ వెయ్యికి నలభై పోయేవి,
ఆరు పోయాయి.
లోరెదానా లెక్కల పుస్తకం మూసింది.
మళ్లీ తెరిచింది.

తాళం పగల్లేదు, కెమెరా కన్నార్పలేదు.
లారీ పట్టపగలే వచ్చేది,
రసీదు మీద సంతకం, సంతకం మీద ముద్ర,
తుక్కు ధరకి కొనేది బావమరిది.
ఈశ్వరుడు పట్టలేని ఇంటి దొంగని
ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరం పట్టుకుంది.

సుత్తీ గడియారమూ బల్ల మీద పెట్టి ఆయన వెళ్లిపోయిన రోజు
నాకు కోపం రాలేదు, భయం వేసింది.
నా తలకాయలో ఉన్నది ఆయన చెవే కదా.
వాళ్లమ్మ ఆసుపత్రి అప్పుల సంగతి తరవాత తెలిసింది.
పదకొండేళ్లలో
సెలవెందుకు పెట్టవని ఒక్కరమైనా అడిగామా!

ఇప్పుడు సుత్తి నా చేతిలో.
నేను పోయిందన్న ప్రతి చక్రాన్నీ
సాయంత్రం దావిదె మళ్లీ తడతాడు, నా గీత చూడకుండా.
ఆగస్టులో రెండు వారాలు నేనిక్కడ కనబడకూడదు.
ఆ రూలు పెట్టమని అడిగింది నేనే.

"మీ మీద అంత అనుమానమా?" అన్నాడు కొత్త కుర్రాడు.
సుత్తి వాడి చేతికిచ్చాను. తట్టాడు, చెవి ఆనించాడు.
"ఈ చక్రం ఏం తప్పు చేసిందని తట్టావు?"

వాడికి అర్థమైందో లేదో.
నేనన్న ఆ మాటలో ఎక్కడైనా బీట ఉందేమో
వినడానికి మాత్రం
ఇంకొకరుంటే బాగుండుననిపించింది.